దిగి చూడు బిడ్డా

"దిగి చూడు బిడ్డా."

చిన్నప్పటి నుంచి మా బాపు నోట నేను ఎక్కువగా విన్న మాట ఇదే. వాగు దగ్గరికి వస్తే దిగి చూడు. దారి మీద నీళ్ళు నిలిస్తే దిగి చూడు. బండి కొత్త చప్పుడు చేస్తే దిగి చూడు. ఆ మాటకు నేను విసుక్కున్న రోజులే ఎక్కువ. దాని విలువ నాకు యాభై ఏళ్ళు దగ్గరపడ్డాక, ఒక వాన రాత్రి మోకాలి లోతు బురదలో నిలబడ్డప్పుడు తెలిసింది. ప్రియ పాఠకులారా, ఆ సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను.

మాది చందుర్తి మండలం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేవాళ్ళం. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. మంచికైనా చెడ్డకైనా ఇటు వేములవాడకో, అటు కోరుట్లకో పోవాలి. మా ఇల్లు ఊళ్ళో కాదు, పొలం దగ్గర. తారు రోడ్డు ఎక్కాలంటే రెండు కిలోమీటర్ల మట్టి దారి. అందులో సగం నల్ల రేగడి. ఎండాకాలం ఆ దారి రాయిలా ఉంటుంది. నాలుగు వానలు పడితే చెప్పు వదిలి కాలు ఒక్కటే పైకి వస్తుంది. మధ్యలో వాగు, దాని మీద చిన్న కల్వర్టు. కల్వర్టు ఎక్కడానికి ముందు ఏటవాలుగా ఒక మట్టి గడ్డ.

1980లలో, ఊళ్ళకు బస్సు రోజుకు రెండుసార్లు వస్తే గొప్ప అనుకునే కాలంలో, మా బాపు ఒక పాత జీపు కొని నడిపారు. అంగడికి పోయేవాళ్ళు, పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు, దవాఖానకు పోయేవాళ్ళు అందరూ అందులోనే. పండుగ రోజు మా సంఘస్థులను ఆరాధనకు తెచ్చేది కూడా ఆ జీపే. ఆ జీపు ముందు చక్రాల నడుమ పిడికిలంత గుండ్రని బిళ్ళ ఒకటి ఉండేది. బురద దారి రాగానే బాపు బండి ఆపి, దిగి, ఆ పక్క బిళ్ళ ఒకసారి, ఈ పక్క బిళ్ళ ఒకసారి చేత్తో తిప్పి, మళ్ళీ ఎక్కి చిన్న గేరు రాడ్డు లాగేవారు. అప్పుడు బండి నాలుగు కాళ్ళ మీద పోయే పశువులా బురదలోంచి నడిచి వచ్చేది. వానలో తడిసి, గోచీ దాకా బురద పూసుకొని ఆయన దిగుతుంటే, లోపల కూర్చున్న నాకు నవ్వు వచ్చేది.

ఆ బిళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. జీపు పుట్టింది 1941 ప్రాంతంలో, అమెరికా సైన్యం కోసం. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు వాటిని లక్షల్లో తయారుచేశాయి. మన దేశంలో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. యుద్ధకాలపు జీపులకు ఈ బిళ్ళలు లేవు. తారు రోడ్డు మీద వెనుక చక్రాలే బండిని తోస్తున్నా, ముందు చక్రాలతోపాటు లోపలి రాడ్లు, పళ్ళ చక్రాలు, పొడవాటి షాఫ్టు అన్నీ ఊరికే తిరుగుతూ అరిగిపోయేవి. డీజిలో పెట్రోలో, ఏదైనా కాస్త ఎక్కువ తాగేది. యుద్ధం అయ్యాక రైతులు, వ్యాపారులు ఆ జీపులు కొని రోడ్ల మీద నడపసాగారు. 1948లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్థర్ వార్న్ అనే ఆయన, ముందు చక్రాలను లోపలి రాడ్ల నుంచి విడదీసే హబ్బులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. బిళ్ళ ఒక వైపు తిప్పితే చక్రం రాడ్డుతో కలిసిపోతుంది. ఇంకో వైపు తిప్పితే చక్రం ఒక్కటే బేరింగుల మీద తిరుగుతుంది; లోపలి సామాను అంతా విశ్రాంతి తీసుకుంటుంది.

సైకిలు ఎరిగినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. దిగుడులో మనం పెడలు తొక్కకపోయినా వెనుక చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, అది ఫ్రీవీలు పని. అదే ఫ్రీవీలు పాడైతే పెడలు తిరుగుతుంది, గొలుసు తిరుగుతుంది, చక్రం మాత్రం కదలదు. ఈ ఉపమానం మనసులో పెట్టుకోండి. ముందు ముందు పనికివస్తుంది.

నేను పన్నెండేళ్ళు గల్ఫ్‌లో డ్రైవరుగా చేసి 2014లో ఇంటికి వచ్చాను. మా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో గల్ఫ్ తెలియని ఇల్లు వెతికితే గాని దొరకదు. నేను వచ్చిన ఏడాదికి నా తమ్ముడు పోయాడు. 2016లో నేను దాచుకున్న డబ్బుతో ఒక పాత ఫోర్‌వీలు బండి కొన్నాను. పాతదే గాని బాపు జీపుకంటే ఎంతో కొత్తది. పవర్ స్టీరింగు ఉంది, మంచి సీట్లు ఉన్నాయి. బండి ఇంటికి తెచ్చిన రోజు బాపు కర్ర పట్టుకొని చుట్టూ తిరిగి చూశారు. ముందు చక్రం దగ్గర వంగి ఆగారు.

"బిళ్ళ ఏదిరా?"

"ఇది ఆటోమాటిక్ బాపూ. రాడ్డు లాగితే లోపల అదే పట్టుకుంటది. దిగే పని లేదు."

"పట్టుకున్నదని నీకెట్ల తెలుస్తది?"

"ముందట దీపం వెలుగుతది."

"దీపం ఎవరు వెలిగిస్తరు? చక్రమా, రాడ్డా?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, కొత్త సామాను ఆయనకేం తెలుసు అనుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు నాకే తెలియదని నాకు తట్టలేదు.

ఆటోమాటిక్ హబ్బు పని తీరు ఇది. చిన్న గేరు రాడ్డు లాగగానే ముందు షాఫ్టు తిరుగుతుంది, దానితో చక్రం లోపలి రాడ్డు తిరుగుతుంది. ఆ తిరుగుడుకు హబ్బు లోపల ఏటవాలు అంచులున్న ఒక ముక్క మీదికి జారి, పళ్ళున్న ఉంగరాన్ని తోసి, చక్రాన్ని రాడ్డుతో కలుపుతుంది. మళ్ళీ విడిపోవాలంటే రాడ్డు మామూలు స్థితికి తెచ్చి, బండిని ఒకటి రెండు మీటర్లు వెనక్కి నడపాలి. అన్నీ సరిగా ఉన్నంత కాలం ఇది హాయి. కాని ఆ పని అంతా చిన్న చిన్న స్ప్రింగుల మీద, లోపలి రాపిడి మీద ఆధారపడి ఉంటుంది. గ్రీజు గట్టిపడినా, బురదనీళ్ళు లోపలికి పోయినా, స్ప్రింగు బలహీనపడినా అది పట్టదు. పట్టలేదని మనకు చెప్పదు కూడా. నేను కొన్న తరువాత అయిదేళ్ళలో ఆ హబ్బులను ఒక్కసారి కూడా విప్పించలేదు. తారు రోడ్డు మీద బండి బాగానే పోతోంది కదా!

2021లో నా మరదలు రెండో కాన్పుకు మా దగ్గరే ఉంది. తమ్ముడు రాలేని పరిస్థితి. కరోనా తరువాత పనికి పోయినవాడు, సెలవు దొరకలేదు. ఫోన్‌లో వాడి గొంతు వణికేది.

"అన్నా, వానాకాలం. మన దారి సంగతి నీకెరుకే గదా."

"నువ్వు రంది పెట్టుకోకు తమ్మీ. ఇంట్ల ఫోర్‌వీలు బండి ఉన్నది. నేనున్న. తారు రోడ్డు దాక చేర్చుడు నా జిమ్మ."

నా జిమ్మ అన్నాను. ఆ మాట వాడు పట్టుకొని నిద్రపోయాడు.

ఆ సెప్టెంబరు మొదటి వారం వానలు మా ప్రాంతం వారు మరచిపోలేరు. సెప్టెంబరు 7న సిరిసిల్ల పట్టణం వీధుల్లోకే వరద వచ్చింది. ఆ వారంలోనే ఒక రాత్రి రెండు గంటలకు మా అవ్వ తలుపు తట్టింది. మరదలుకు నొప్పులు మొదలయ్యాయి. 108కు ఫోన్ చేశాము. బండి తారు రోడ్డు దాకా వస్తుంది, మట్టి దారిలోకి రాలేదు, అక్కడికి తీసుకురండి అన్నారు. వారి మాట న్యాయమే. చిన్న ప్రార్థన చేసుకొని బయలుదేరాము. వెనుక సీట్లో మరదలు, ఒక పక్క అవ్వ, ఒక పక్క నా భార్య. ముందు నా పక్కన ఇంటర్ చదువుతున్న మా పెద్దోడు. బాపు అరుగు మీద నిలబడి ఏదో అన్నారు. వాన చప్పుడులో వినబడలేదు. వినబడకపోయినా ఏమన్నారో నాకు తెలుసు.

వాగు నీళ్ళు కల్వర్టు కింద నుంచే పోతున్నాయి. చిక్కు వాగుతో రాలేదు, దాని ముందున్న మట్టి గడ్డతో వచ్చింది. గడ్డ కిందికి రాగానే రాడ్డు లాగాను. దీపం పచ్చగా వెలిగింది. ధైర్యంగా ఎక్కించాను. సగం ఎక్కి బండి ఆగింది. వెనుక చక్రాలు గిర్రున తిరిగి గుంట తవ్వుకున్నాయి. వెనక్కి తీశాను, ముందుకు తోశాను. ముందు కుడి వైపు ఎక్కడో టక్కున చప్పుడు వచ్చేది, అంతే. ప్రతిసారీ బండి ఇంకాస్త దిగబడింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

మా పెద్దోడు టార్చి పట్టుకొని దిగాడు. పక్క నుంచి వంగి చూసి కేకవేశాడు.

"నాయినా, ముందు చక్రాలు తిరుగుతలేవు! ఎడమ దిక్కు లోపలి రాడ్డు తిరుగుతుంది, చక్రం తిరుగుతలేదు!"

అప్పుడు దిగాను. మోకాలి దాకా దిగబడ్డాను. ఎడమ హబ్బు పట్టలేదు. కుడి హబ్బు పట్టింది. ఒకటి పట్టింది కదా, ఆ ఒక్క చక్రమైనా లాగాలి కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కాని ముందు ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ తీరు అది కాదు. ఏ పక్క అడ్డు తక్కువ ఉంటే ఆ పక్క తిరగనిస్తుంది. ఎడమ రాడ్డు చక్రంతో కలవక ఖాళీగా తిరుగుతుంటే, తిరుగుడు అంతా అటే పోతుంది. పట్టిన కుడి చక్రానికి ఏమీ అందదు. రెండింటిలో ఒకటి పట్టకపోతే రెండూ పట్టనట్టే.

ఇక ఆలోచించే సమయం లేదు. పెద్దోడు పరుగున పోయి పక్క పొలాల వాళ్ళను లేపుకొచ్చాడు. ఎనిమిది మంది వచ్చారు. మా సంఘం వాళ్ళు ఇద్దరు, మిగతావాళ్ళు వేరే ఇళ్ళవాళ్ళు. నులక మంచం తెచ్చి, దాని మీద పరుపు వేసి, పైన పట్టా కప్పి మరదలును మోసుకొని గడ్డ ఎక్కించారు. మా నాయనమ్మ కాలంలో కాన్పు కష్టమైతే ఇట్లాగే మంచం మీద మోసుకుపోయేవారని అవ్వ చెప్పేది. ఇంట్లో ఫోర్‌వీలు బండి ఉండి, మేము మళ్ళీ ఆ కాలానికే పోయాము. మిగిలిన కిలోమీటరు దాటడానికి ముప్పావు గంట పట్టింది. మంచం కోడు భుజాన పెట్టుకొని నడుస్తుంటే, పైనుంచి ఆమె మూలుగు వినిపిస్తుంటే, నేను తమ్ముడితో అన్న మాటే నా చెవుల్లో గింగురుమంది. నా జిమ్మ.

దేవుని దయవల్ల 108 సమయానికి అందింది. తెల్లవారేసరికి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఉదయం ఏడింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. చివర అడిగాడు.

"బండి మంచిగ నడిచిందా అన్నా?"

"ఆఁ, నడిచింది" అన్నాను.

నోటి వెంట అదే వచ్చేసింది. వాడు సంతోషించాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకొని చాలాసేపు దవాఖాన గోడకు ఆనుకొని నిలబడ్డాను.

మరునాడు ట్రాక్టరుతో బండిని గడ్డ మీదికి లాగించాము. వానలు తగ్గాక కోరుట్లలో పాత జీపులు బాగుచేసే ఒక మెకానిక్ చాచా దగ్గరికి తీసుకుపోయాను. పెద్దోడు కూడా వెంట వచ్చాడు. చాచా హబ్బు మూత విప్పగానే టీ రంగు నీళ్ళు కారాయి. లోపల గ్రీజు ఎండిన చింతపండులా ఉంది. స్ప్రింగు ఒకటి విరిగి ఉంది. జారవలసిన ముక్క తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. కుడి హబ్బు కాస్త నయం గాని, ఆ రాత్రి నేను ముందుకూ వెనక్కూ అదరగొట్టినందుకు దాని పళ్ళ అంచులు చిట్లాయి. వెనక్కి తిరిగినప్పుడల్లా అది విడిపోయి మళ్ళీ పట్టేదట. నేను విన్న టక్కు చప్పుడు అదే.

"మరి దీపం వెలిగింది కదా చాచా?" అని అడిగాను.

"దీపం తీగ గేరు పెట్టె దగ్గర ఉంటది బేటా. రాడ్డు లాగినవని దానికి తెలుసు. చక్రం సంగతి దానికేం తెలుసు?"

అయిదేళ్ళ కింద బాపు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఆ రోజు దొరికింది.

చాచా రెండు దారులు చెప్పాడు. ఆటోమాటిక్ హబ్బులే కొత్తవి వేయించడం ఒకటి. చేతితో తిప్పేవి వేయించడం ఒకటి. మాకు చెప్పిన ధరల్లో మొదటిది చాలా ఎక్కువ. కాని నేను ధర చూసి నిర్ణయించలేదు. "చేతివి వెయ్యి చాచా" అన్నాను. మా బండి ఇరుసు రాడ్డు చివర ఎన్ని పళ్ళున్నాయో, మూత బోల్టుల రంధ్రాలు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి రాసుకొని హైదరాబాదు నుంచి ఒక జత తెప్పించాడు. ఈ రెండూ సరిపోకపోతే హబ్బు ఎక్కదు. పదిహేను రోజుల తరువాత మళ్ళీ పోయాము.

ఆ రోజు పెద్దోడూ నేనూ చాచా పక్కన కూర్చొని పని అంతా చూశాము. పెద్దోడు పానాలు అందించాడు. జాకీ పెట్టి, గట్టి మొద్దుల మీద బండి నిలబెట్టి చక్రాలు తీశాడు. పాత హబ్బు బోల్టులు విప్పి, రాడ్డు చివర ఉన్న సర్‌క్లిప్పు తీసి, హబ్బును బయటికి లాగాడు. ఆటోమాటిక్ హబ్బు ఆనుకొని ఉండే బేరింగు నట్టు వేరుగా ఉంటుందట. కొత్త జతతో వచ్చిన నట్లు వేశాడు. బేరింగులు కిరోసిన్‌తో కడిగి, వెలుగులో తిప్పి చూసి, కొత్త గ్రీజు అరచేతిలో పెట్టుకొని బేరింగులోకి ఒత్తాడు. నట్టు బిగిస్తూ చక్రం దిమ్మను తిప్పాడు. గట్టిపడ్డాక కొంచెం వదులు చేసి, రెండో నట్టుతో బిగించి, మధ్య రేకు అంచు మడిచాడు. మరీ బిగిస్తే బేరింగు కాలిపోతుంది, వదిలేస్తే చక్రం ఊగుతుంది అని చెప్పాడు.

తరువాత కొత్త హబ్బు. దానికి మాత్రం గ్రీజు పలుచగా, పూత పూసినట్టు పెట్టాడు. "ఎక్కువ పెడితే మంచిదనుకుంటరు. లోపలి ఉంగరం జరగనియ్యదు" అన్నాడు. సర్‌క్లిప్పు గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాడు. బిళ్ళలు రెండూ విడిచిన వైపే ఉంచి, మూత కింద వాషరు వేసి, బోల్టులు ఎదురెదురుగా ఒక్కొక్కటి కొంచెం కొంచెం బిగించాడు.

చక్రాలు ఇంకా గాలిలో ఉండగానే పెద్దోణ్ణి పిలిచాడు. "బిళ్ళ విడిచిన దిక్కు ఉన్నది. చక్రం తిప్పు." చక్రం తిరిగింది, లోపలి రాడ్డు కదలలేదు. "ఇప్పుడు పట్టే దిక్కు తిప్పి చూడు." ఈసారి చక్రంతోపాటు రాడ్డు కూడా తిరిగింది. పెద్దోడి ముఖం వెలిగిపోయింది. రెండో పక్క కూడా వాడే చూశాడు.

ఇంటికి రాగానే బాపు కర్ర పట్టుకొని వచ్చారు. వంగలేక, స్టూలు వేయించుకొని కూర్చొని ముందు చక్రం నడుమ ఉన్న బిళ్ళను చేత్తో తడిమారు. అటూ ఇటూ తిప్పారు.

"ఇప్పుడయ్యింది బండి" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర దవాఖాన నుంచి ఫోన్‌లో తమ్ముడితో నేను చెప్పిన అబద్ధం సంగతి ఆయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాసేపు ఊరుకొని, "ప్రార్థన చేసుడు మన పనే. గ్రీజు పెట్టుడు గూడ మన పనే. నిజం చెప్పుడు గూడ మన పనే. ఒక్కటి జేసి రెండు ఇడిచిపెడితే ఎట్ల బిడ్డా?" అన్నారు.

మరునాడు తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. ఆ రాత్రి బండి నడవలేదని, మంచం మీద మోసుకుపోయామని, అయిదేళ్ళుగా నేను దాన్ని ఒక్కసారి కూడా చూపించలేదని, నీకు అబద్ధం చెప్పానని అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

"నాకు ఆ రోజే ఎరుకన్నా" అన్నాడు. "మా ఆమె చెప్పింది. నువ్వు చెప్తవేమోనని చూస్తున్న."

రెండు నెలలు వాడు ఎదురుచూశాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి అన్నా బాగున్నావా అని అడిగాడు. నేను బాగున్నానని చెప్పాను. మా మధ్య దీపం వెలుగుతూనే ఉంది, లోపల చక్రం మాత్రం కదలలేదు. ఆ మాట తరువాత మళ్ళీ కలిసింది. "బిళ్ళలు ఏసినవా మరి?" అని వాడే అడిగి నవ్వాడు. 2022లో సెలవుకు వచ్చినప్పుడు బిడ్డను ఎత్తుకొని ముందు ఆ బండి దగ్గరికే పోయాడు.

పాత ఫోర్‌వీలు బండి ఉన్న కుటుంబాల వారికి నేను తెలుసుకున్న నాలుగు సంగతులు చెబుతాను. మీ బండికి ఆటోమాటిక్ హబ్బులుండి అవి బాగా పనిచేస్తుంటే మార్చవలసిన పని లేదు. కాని వానాకాలానికి ముందు ఒకసారి విప్పించి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. మెత్తని నేల మీద రాడ్డు లాగి, ఒకరు బయట దూరంగా నిలబడి ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో చూడండి. దీపాన్ని నమ్మకండి.

చేతి హబ్బులు వేయించుకుంటే రెండు బిళ్ళలూ ఒకే వైపు ఉండాలి. ఒకటి పట్టి ఒకటి విడిచి ఉంటే ఆపదలో పనికిరాదు. బురదలో దిగబడ్డాక తిప్పుదామంటే బిళ్ళ బురద కిందికి పోతుంది. కాబట్టి ముందే, గట్టి నేల మీదే తిప్పుకోండి. బిళ్ళలు పట్టి ఉంచి, చిన్న గేరు రాడ్డు మామూలుగా ఉంచి తారు రోడ్డు మీద నడిపినా నష్టం లేదు, కాస్త డీజిలు ఎక్కువ. రాడ్డు లాగి నాలుగు చక్రాల మీద మాత్రం ఎండిన తారు రోడ్డు మీద పోకూడదు. మలుపుల్లో లోపలి పళ్ళు, షాఫ్టులు ఒత్తిడికి దెబ్బతింటాయి. బిళ్ళ గట్టిగా ఉంటే పట్టకారు పెట్టకండి. బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపితే అదే తిరుగుతుంది. ఎండాకాలంలో కూడా నెలకొకసారి పట్టించి కొంత దూరం నడిపితే లోపల ఆయిలు అన్ని చోట్లా పారుతుంది. అన్నింటికంటే ముఖ్యం, రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే దిగకండి. నాలుగు చక్రాల బలం వరద బలానికి చాలదు.

చేతి హబ్బులతో కష్టం లేదని నేను అనను. వానలో దిగాలి, వంగాలి, తడవాలి. చీకట్లో బిళ్ళ మీద గుర్తు కనబడదు. ఆదివారం ఉతికిన బట్టలతో దిగినప్పుడు నా భార్య చేత మాటలు పడాలి. కాని దిగినప్పుడల్లా నేల ఎట్లా ఉందో కాలికి తెలుస్తుంది. టైరు ఎట్లా ఉందో, ఎక్కడైనా నూనె కారుతుందో కంటికి కనబడుతుంది. చక్రం పట్టిందని నా చేతికి తెలుస్తుంది. ఇదివరకు నేను బండి ఉందనే ధైర్యంతో నడిపేవాణ్ణి. ఇప్పుడు చూసుకున్నాననే ధైర్యంతో నడుపుతున్నాను.

ఇప్పుడు ఆ గడ్డ దగ్గరికి రాగానే నేను చెప్పకముందే మా పెద్దోడు తలుపు తీసి దిగుతాడు. ఎడమ బిళ్ళ తిప్పి, బండి ముందు నుంచి చుట్టి వచ్చి, కుడి బిళ్ళ తిప్పి, అరచేత్తో బానెట్ మీద ఒకసారి కొడతాడు. పట్టింది, పోనియ్యి అని దాని అర్థం. తమ్ముని బిడ్డకు ఇప్పుడు మాటలు బాగా వచ్చాయి. కిటికీలోంచి చూస్తూ, బాపు గొంతును అనుకరిస్తూ, వాణ్ణి హెచ్చరిస్తుంది.

"దిగి చూడు బిడ్డా!"